మగ్గాలు ఆగిన పూట

గంటక్కకి గుసగుసలాడటం రాదు. ఆ మాటకొస్తే ఆ మిల్లులో ఎవరికీ రాదు. పొద్దున్న షెడ్డు తలుపు తీసింది మొదలు సాయంత్రం సైరన్ మోగేదాకా మరమగ్గాల మోతలో బతికేవాళ్ల చెవులు ఏనాడో సగం పోయాయి. తమ గొంతు తమకే వినపడని మనుషులు మెల్లగా మాట్లాడుతున్నామనుకుని నోరు విప్పితే వీధి చివర కుక్క లేచి కూర్చుంటుంది. అందులోనూ ఈమెది మరీ గంట లాంటి గొంతు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి ఎవరినా అని చూస్తుంది.

మరి షెడ్డులో మాట్లాడుకోవడం ఎలా అంటారా? పెదాలతో. గొంతు వాడకుండా, పెదాలు కాస్త సాగదీసి, ముఖం మీద రాసినట్టు చెబుతారు. ఎదుటి మగ్గం మనిషి చూసి చదువుకుంటుంది. చెయ్యి ఆగదు, పోగు పట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగదు, కబుర్లూ ఆగవు. ఎవరి మొగుడు తాగొచ్చాడు, ఎవరి కోడలు అలిగింది, మేస్త్రీకి ఇవాళ ఎందుకు కడుపు మండింది, అన్నీ ఆ మోతలోనే ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లిపోతాయి. దాన్ని పెదవి మాట అంటారు. కొత్తగా చేరినవాళ్లకి మగ్గం ఎంత కాలానికి పట్టుబడుతుందో అదీ అంత కాలానికే పట్టుబడుతుంది. బయటివాళ్లకి మాత్రం, పాపం, ఆడవాళ్లు ఊరికే నోరు ఆడిస్తున్నట్టు కనిపిస్తుంది.

గంటక్క మగ్గానికి ఎదురు మగ్గం ఆమె తోటికోడలిది. ఇంటికి చిన్నకోడలు గనక అందరికీ చిన్నది అయిపోయింది. మిల్లు క్వార్టర్సులో రెండు గదులు, ఒకటే పొయ్యి, ఇద్దరు కోడళ్లు. ఇక చెప్పేదేముంది? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈ ఒరలో కత్తులతో పాటు ఒక మొగుడు, ఒక పాప కూడా ఇమడాలి. మొగుడు గంటక్కకి. పాప చిన్నదానికి. చిన్నదాని మొగుడు, అంటే గంటక్క మరిది, కిందటేడు జ్వరంతో పోయాడు. గంటక్కకి పిల్లలు లేరు. పాపకి పెద్దమ్మ చంకే ఉయ్యాల, పెద్దమ్మ కొంగే దుప్పటి. “అది నా కూతురా, నీ కూతురా అక్కా?” అని చిన్నది నవ్వుతూ అడిగేది. గంటక్క నవ్వేది కాదు.

గంటక్క పెద్దాయన మనిషి. ఆ సంగతి ఆమె ఏనాడూ దాచలేదు, దాచడానికి అదేమైనా దొంగసొత్తా? పెద్దాయన గద్దె ఎక్కకముందు ఈ మిల్లు గేటుకి తాళం పడి ఏళ్లు గడిచాయి. అత్తగారు మందు లేక కన్నుమూసింది ఆ రోజుల్లోనే. గంటక్క పరాయి ఇళ్లలో అంట్లు తోమి, వాళ్లు వదిలేసింది కొంగున కట్టుకొచ్చి నలుగురికీ పెట్టింది. పెద్దాయన వచ్చాడు, తాళం తీయించాడు, తన బలగానికి కావలసిన యూనిఫారం గుడ్డంతా ఇక్కడే నేయమన్నాడు. పొయ్యి మీద గిన్నె ఎక్కింది. ఆయన ఫోటో షెడ్డు గోడకి మిల్లువాళ్లు పెట్టారు, ఇంటి గోడకి గంటక్కే పెట్టింది. మనుషుల్ని పట్టుకుపోతున్నారటే అని ఎవరైనా అంటే, “ఊరికే పట్టుకుపోతారా, నిప్పు లేనిదే పొగ రాదు” అని నోరు మూయించేది. నమ్మే అనేది. ఆకలి చూసినవాళ్లకి ఆ నమ్మకం ఎంత అవసరమో కడుపు నిండినవాళ్లకి చెప్పినా బుర్రకెక్కదు.

అలాంటి ఇంట్లో ఉంటూ చిన్నది ఆ మాట అన్నది.

జరిగిందేమిటంటే, రంగుల గదిలో పనిచేసే మనిషి ఒకాయన, నెమ్మదస్తుడు, తన తమ్ముణ్ణి ఎక్కడికి తీసుకుపోయారని గేటు దగ్గర అడిగాడు. అరవలేదు, తిట్టలేదు, అడిగాడు, అంతే. మర్నాడు ఆయన్నీ జీపు ఎక్కించారు. కొన్నాళ్లకి తిరిగొచ్చాడు, గుడ్డలో చుట్టిన శవమై. ఆ గుడ్డ ఈ షెడ్డులో నేసిందే. ఆ సంగతి తెలిసిన పూట ఎవరూ పెదవి కదపలేదు. చాలాసేపటికి చిన్నది తలెత్తి, ఎదురుగా ఉన్న గంటక్కని చూసి, పెదాలతో అన్నది:

“మనుషుల్ని మింగేవాడు పెట్టే ముద్ద నా గొంతు దిగదు అక్కా.”

గంటక్కకి ఒళ్లు మండిపోయింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా. ముద్ద దిగదట! ముద్ద లేని రోజుల్లో ఇది ఎక్కడుందో? పుట్టింట్లో పాలు తాగుతూ ఉంది. కోపం వస్తే మనసులో పెట్టుకునే మనిషి కాదు మన గంటక్క. ఆ సాయంత్రం మొగుడు కంచం ముందు కూర్చోగానే, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, తన లెక్కలో చాలా మెల్లగా, అంతా చెప్పేసింది. చెప్పేటప్పుడు కాస్త పోపు కూడా వేసింది. చిన్నది అనని మాట ఒకటి తను చేర్చింది. “మనుషుల్ని మింగే ముసలాడు పెట్టే ముద్ద దిగదట మహారాణికి” అంది. పోపు వేయని కూర ఏం కూర?

మొగుడు తినడం ఆపి గోడకేసి చూశాడు. ఆ గోడ అవతల మేస్త్రీ ఇల్లు. “గట్టిగా అనకే” అన్నాడు. “మెల్లగానే అన్నానుగా” అంది గంటక్క. గోడలకి చెవులుంటాయంటారు. ఆ క్వార్టర్సులో మనుషులకి చెవులు లేవు గానీ గోడలకి మాత్రం ఉన్నాయి.

తర్వాతి వారం జీపు వచ్చింది.

పొద్దున్న పని జోరు మీద ఉండగా ఒక్కసారి కరెంటు తీసేశారు. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఎంత భయంగా ఉంటుందో మోతలో బతికేవాళ్లకే తెలుసు. చెవుల్లో ఇంకా హోరు, ఎదురుగా మాత్రం అంతా బొమ్మల్లా. తలుపు దగ్గర ఇద్దరు కాపలావాళ్లు నిలబడ్డారు. వాళ్లు వేసుకున్న గుడ్డ కూడా ఇక్కడిదే. మధ్య దారిలోంచి ఒక ఆఫీసరు నడిచొచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మర్యాదగల ముఖం. పక్కన మేస్త్రీ. మేస్త్రీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆఫీసరు ముందుగా గంటక్కని పిలిచాడు.

మేస్త్రీ గది షెడ్డు చివర కాస్త ఎత్తు మీద ఉంటుంది. వెనక గోడ తప్ప మూడు వైపులా దళసరి అద్దాలు. మోత లోపలికి రాకుండా, పనిచేసేవాళ్లు కనబడేలా కట్టారు. ఆఫీసరు షెడ్డుకేసి తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. గంటక్క షెడ్డుకి వీపు పెట్టి నిలబడింది.

ఆయన ఆమెను కూర్చోమన్నాడు. అమ్మా అన్నాడు, మీరు అన్నాడు. మీ గురించి మాకు తెలుసమ్మా, మీలాంటివాళ్ల వల్లే పెద్దాయన పాలన నిలబడింది అన్నాడు. గంటక్కకి గుండె కాస్త కుదుటపడింది. తర్వాత ఆయన ముందుకి వంగి, మీ తోటికోడలు షెడ్డులో ఒక మాట అన్నదని మాకు చేరింది, ఎదురు మగ్గం మీది, ఆ మాట అన్నదో లేదో చెప్పాల్సింది మీరే అన్నాడు. చెప్పి, ఆ మాట తనే పలికాడు.

“మనుషుల్ని మింగే ముసలాడు పెట్టే ముద్ద దిగదు. అన్నదా?”

ముసలాడు.

గంటక్క చెవి ఆ మాట దగ్గరే ఆగింది. చిన్నది ముసలాడు అనలేదు. ఆ మాట ఈ లోకంలో ఒక్క నోట్లోంచే వచ్చింది. తన నోట్లోంచి, తన ఇంట్లో, మేస్త్రీ గోడ పక్కన. ఇంతమందిలో ఎవరు పట్టిచ్చారా అని జీపు చూసినప్పటి నుంచీ తనూ తిట్టుకుంటూనే ఉంది. ఆ పాపిష్టిది తనేనని అప్పుడు తెలిసింది.

ఆఫీసరు ఆమె మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. సాక్ష్యం లేకుండా మేం ఎవరినీ తీసుకుపోమమ్మా, మాది న్యాయమైన పాలన అన్నాడు. అదీ ఆ పాలన గొప్పతనం. మన కన్ను పొడవడానికి వేలు కూడా మన చేతిదే కావాలి. చెప్పకపోతే ఇల్లు ఖాళీ చేయాల్సి ఉంటుందని, గేటు దగ్గర మీ ఆయన ఉద్యోగం కూడా ఉండదని, వాతావరణం గురించి మాట్లాడినంత తేలిగ్గా చెప్పాడు. చిన్నదాన్ని, ఖైదీల చేత రాళ్లు కొట్టించే క్వారీకి పంపుతారా అని గంటక్క అడిగింది. క్వారీకి వెళ్లినవాళ్లెవరూ ఇంతవరకు తిరిగి రాలేదు. ఆయన చిరునవ్వు నవ్వి, అసలు మాట అప్పుడు అన్నాడు.

“పాప గురించి మీరు బెంగపెట్టుకోకండి. పాప మీ దగ్గరే ఉంటుంది.”

ఆ మాట ఎంత నీచమైనదో గంటక్కకి తెలుసు. ఎందుకు తెలుసంటే, ఆయన అనడానికి క్షణం ముందే అది తన మనసులో మెదిలింది. చిన్నది పోతే పాప నాది. దాచడమెందుకు, మెదిలింది. అంత తియ్యగానూ మెదిలింది. తన లోపల ఎక్కడో మూల దాక్కున్నదాన్ని ఈయన చెయ్యి పెట్టి బయటికి తీసి బల్ల మీద పెట్టేసరికి, ఒంటి మీద బట్ట లేనట్టు సిగ్గేసింది.

ఆలోచించుకోండి, మిగతావాళ్లనీ అడిగి చివర మిమ్మల్ని పిలుస్తాను అని పంపేశాడు.

బయట అందర్నీ మగ్గాల మధ్య దారిలో రెండు వరసలుగా నిలబెట్టారు. కూడబలుక్కోకుండా ఉండాలని ఆఫీసరు గట్టి ఏర్పాటే చేశాడు. మనిషికీ మనిషికీ మధ్య బారెడు ఎడం. చేతులు వెనక్కి. ఒక వరస ఇంకో వరసకి ఎదురుగా, ముఖాలు కనబడేలా. నోట్లోంచి చిన్న శబ్దం వచ్చినా తీసుకుపోతామని చెప్పి, ఇద్దరు కాపలావాళ్లు చెవులు రిక్కించి నిలబడ్డారు. చోద్యం కాకపోతే, పెదవి మాటకి అంతకన్నా మంచి వసతి ఎవరైనా చేసిపెడతారా? మోత లేదు, దుమ్ము లేదు, చేతికి పని లేదు, ఎదురుగా ముఖం. ఆడించే అలవాటున్న నోళ్లు ఆడుతున్నాయి, అంతే కదా అనుకున్నారు కాపలావాళ్లు.

కానీ అది చదవగలిగిన మనిషి ఒకడు అక్కడే ఉన్నాడు. మేస్త్రీ. మేస్త్రీ కాకముందు ఆయనా ఏళ్ల తరబడి మగ్గం మీద పనిచేసినవాడే. వరసల చివర నిలబడి, అందరి ముఖాలూ చూస్తున్నాడు.

మొదట కదిలినవి అవ్వ పెదాలు. అవ్వ అంటే షెడ్డులో అందరికన్నా పెద్దది, పళ్లు ఊడినా పెదవి మాట ఊడనిది. అద్దంలోంచి ఆఫీసరు పెదాలు చదివిన అవ్వ చిన్నదాన్ని అడిగింది, ఆ మాట అన్నావా అని. అన్నాను, అంది చిన్నది. అవ్వ కళ్లు మూసుకుని తెరిచింది. అయితే ఇకనుంచి నువ్వు ఆ మాట అనలేదు, అంది. మీ తోటికోడలి కూర గురించి అన్నావు, ఉప్పు తప్ప ఇంకేం ఉండదు, గొంతు దిగదు అన్నావు, అందరం అదే చూశాం. ఆ మాట ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి, ఈ వరస నుంచి ఆ వరసకి, చివరిదాకా పాకింది. వెళ్లిన ప్రతిచోటా సరేనన్నట్టు కనురెప్ప ఒకసారి వాలి లేచింది. ఒకామె మాత్రం, నాకు ఇద్దరు పిల్లలు అవ్వా, అంది. నాకు ఐదుగురు పోయారు, నేను నిలబడలేదా, అంది అవ్వ. ఆమె కూడా రెప్ప వాల్చింది.

తర్వాత అవ్వ తల తిప్పి నేరుగా మేస్త్రీని చూసింది. భయం లేకుండా, ఒక్కో అక్షరం విడదీసి, పెదాలతో చెప్పింది. “నీకు మగ్గం నేర్పింది నేనేరా. మా మాట చూశావుగా. ఇక నీ ఇష్టం.” మేస్త్రీ చూపు తిప్పుకున్నాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. నోరు విప్పి కాపలావాళ్లని పిలుస్తాడని అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయన పిలవలేదు. అలాగని సరేనని రెప్పా వాల్చలేదు.

అప్పుడు అవ్వ గంటక్క వైపు తిరిగింది. “నువ్వేం చెబుతావే?”

రెండు వరసలూ గంటక్కని చూశాయి. గంటక్క నేల చూసింది. అందరూ కూర అంటారు. తను ఒక్కతీ ఔను అన్నదంటే, పోయేది చిన్నది ఒక్కతే కాదు, అబద్ధం చెప్పినందుకు షెడ్డు షెడ్డంతా పోతుంది. కూర అన్నదంటే ఇల్లు పోతుంది, మొగుడి పని పోతుంది, మళ్లీ పరాయి ఇళ్ల అంట్లు. పోనీ అందరికీ నిజం చెబితే? ఆ మాట బయటపెట్టింది నేనే అంటే? ఆ ధైర్యం రాలేదు. తలెత్తితే ఎదురుగా చిన్నది ఉంది. చిన్నది పెదాలు కదపలేదు. బతిమాలలేదు. ఊరికే చూస్తూ నిలబడింది. ఏ తిట్టు తిట్టినా గంటక్క ఓర్చుకునేది, ఆ చూపుని ఓర్చుకోలేకపోయింది.

ఒక్కొక్కరినీ పిలవడం మొదలైంది. లోపలికి వెళ్లినవాళ్లందరూ షెడ్డుకి వీపు పెట్టే నిలబడాలి. ఏం చెబుతున్నారో కనబడదు. భయానికి గొంతులు పూడుకుపోయి మాట అద్దం దాటి రావడం లేదు. ఆఫీసరు ముఖం మాత్రం కనబడుతుంది. మొదట్లో ఆ ముఖం మర్యాదగానే ఉంది. నలుగురైదుగురు అయ్యేసరికి చిరునవ్వు పోయింది. “మళ్లీ కూరేనా?” అని ఆయన అనడం రెండు వరసలూ చదివాయి. ఇంకోసారైతే ఎవరికైనా నవ్వొచ్చి చచ్చేది. ఇవాళ ఎవరూ నవ్వలేదు. అవ్వ లోపల చాలాసేపు ఉంది. బయటికి వచ్చినప్పుడు ఒక చెంప ఎర్రగా ఉంది. తన చోటుకి వచ్చి నిలబడి చేతులు వెనక్కి పెట్టుకుంది. చిన్నదాన్ని కూడా పిలిచి పంపారు.

చివరికి గంటక్క వంతు వచ్చింది. మేస్త్రీని కూడా లోపలికి పిలిచారు.

ఈసారి ఆఫీసరు కూర్చోమనలేదు. “నీ కూర గురించి షెడ్డంతా ఇంత బాగా తెలుసా?” అన్నాడు. మీరు పోయి నువ్వు వచ్చింది. “నిజం నువ్వు చెబుతావని నాకు తెలుసు. పాపకి అన్నం పెట్టాల్సిన దానివి. చెప్పు.”

గంటక్క ఆఫీసరు వెనక గోడ మీద పెద్దాయన ఫోటో చూసింది. ఇన్నేళ్లూ ఆ ముఖానికి రుణపడ్డాననే అనుకుంది. గేటు తాళం తీసినవాడు. తీశాడు, కాదనడానికి లేదు. రంగుల గది మనిషి శవాన్ని గుడ్డలో చుట్టి పంపినప్పుడు కూడా ఆ తాళాన్నే తలుచుకుని నోరు మూసుకుంది. ఇప్పుడు ఇంకొక్క ముక్క అంటే చాలు. ఇల్లు ఉంటుంది, పొయ్యి ఉంటుంది, పాప ఉంటుంది. పాప పెరుగుతుంది. పెరిగి, అమ్మ ఏదీ పెద్దమ్మా అని అడుగుతుంది. అడక్క మానదు, నోరున్న పిల్ల. దానికి చెప్పాల్సిన జవాబు ఎప్పుడూ మెల్లగా, ఎవరికీ వినపడకుండా చెప్పాల్సిన జవాబు. తనకి మెల్లగా చెప్పడం రాదే.

గంటక్క ఊపిరి తీసుకుంది. తన గొంతు ఎంత పెద్దదో జీవితంలో మొదటిసారి తెలిసి మరీ వాడింది.

“అది అన్నది నా కూర గురించేనండీ. ఉప్పు తప్ప ఇంకేం ఉండదంది. గొంతు దిగదంది. నా వంటని అలా అన్నందుకు దాన్ని ఏం చేసినా పాపం లేదు. ఆ పని ఇంట్లో నేను చేసుకుంటాను, మీరు జీపు వేసుకుని రానక్కర్లేదు.”

దళసరి అద్దాలు అదిరిపోయాయి. బయట రెండు వరసల్లోనూ తలలు ఒక్కసారి లేచాయి. మాట చదవాల్సిన పని లేకపోయింది, తలుపు దగ్గర కాపలావాళ్లకి కూడా వినబడింది.

“మెల్లగా చెప్పు” అన్నాడు ఆఫీసరు.

“మెల్లగానే చెబుతున్నానండీ.”

“మరి ముసలాడు అన్న మాట?”

“ముసలాడంటే మా ఆయన. ఆ మాట అనేది చిన్నది కాదు, నేను. రోజూ అంటాను. మనుషుల్ని పీక్కు తింటాడనీ అంటాను. గోడ అవతల వాళ్లని అడగండి, వినే ఉంటారు.”

అని మేస్త్రీ వైపు తిరిగింది. ఆఫీసరూ తిరిగాడు. మేస్త్రీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పెద్ద దుర్మార్గుడేం కాదు ఆయన. మీవాళ్లు ఏమనుకుంటున్నారు అని వారం వారం పైనుంచి అడుగుతుంటే, ఏదో ఒకటి చెప్పకపోతే తన కిందకే నీళ్లు వస్తాయని, దొరికిన మాట ఒకటి అందించాడు. మందలించి వదిలేస్తారనుకున్నాడు. అలా అనుకోకపోతే రాత్రి నిద్ర పట్టదు కదా, అందుకని అనుకున్నాడు. ఇప్పుడు ఆయన కళ్లు అద్దంలోంచి షెడ్డుకేసి వెళ్లాయి. ఎర్రబడిన చెంపతో అవ్వ ఆయన్నే చూస్తోంది.

“అవునండీ” అన్నాడు మేస్త్రీ. “రోజూ అంటుంది. నేనే పొరపాటు పడ్డాను.”

“వీళ్లు అక్కడ నిలబడి నోళ్లు ఆడించారు. నువ్వూ మగ్గం పని చేసినవాడివేగా. ఏం మాట్లాడుకున్నారు?”

మేస్త్రీ అద్దం మీంచి చూపు తీసేశాడు. “అదంతా ఎప్పుడో మర్చిపోయానండీ.”

ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. వెర్రివాడు కాదు, అంతా అబద్ధమని ఆయనకి తెలుసు. కానీ షెడ్డు మొత్తాన్ని జీపు ఎక్కించలేడు. యూనిఫారం గుడ్డ నెలాఖరుకి పైకి వెళ్లాలి, నేసేవాళ్లు లేకపోతే రేపు తనని అడుగుతారు. ఒక్క సాక్షి దొరికినా చాలు, ఆ ఒక్కరూ దొరకలేదు. లేచి చొక్కా సర్దుకున్నాడు. వచ్చిన జీపు ఖాళీగా పోదు. మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు రా, నీతో మాట్లాడాలి” అన్నాడు. గంటక్కతో, ఇంటి సంగతి తర్వాత చూద్దాం, అన్నాడు.

మేస్త్రీ వరసల మధ్య నుంచి నడిచి వెళ్తుంటే ఎవరికీ సంతోషం కలగలేదు. అవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆయన పది రోజుల తర్వాత తిరిగొచ్చాడనీ, ఒక చెయ్యి సరిగా లేవదనీ, ఇప్పుడు గోదాంలో నూలు చుట్టిన కండెలు అందిస్తున్నాడనీ ఇక్కడే చెప్పేస్తే మీకు ఆదుర్దా తగ్గుతుంది. ఆ పూట మాత్రం అది ఎవరికీ తెలియదు.

కరెంటు వచ్చింది. మగ్గాలు కదిలాయి. మోత లేచి షెడ్డు నిండేసరికి అందరికీ ప్రాణం కుదుటపడ్డట్టయింది. గంటక్క తన మగ్గం ముందుకి వచ్చి నిలబడింది. ఎదురు మగ్గం మీద చిన్నది తలెత్తింది.

“నీ కూరలో నిజంగానే ఉప్పెక్కువ అక్కా” అంది పెదాలతో.

గంటక్క నవ్వలేకపోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేనని తెలుసు. పెదాలు కదిలించింది.

“ఆ మాట బయటికి పోయింది నా నోట్లోంచే. మా ఆయనకి చెప్పాను. గోడ అవతల విన్నారు.”

“తెలుసు” అంది చిన్నది. “పక్క గదిలో పాపని పడుకోబెడుతున్నా. నీ గుసగుస నాకూ వినబడింది.”

గంటక్కకి నాడె కనబడలేదు, పోగు కనబడలేదు. “తెలిసీ వరసలో ఎందుకు చెప్పలేదే? అవ్వకి ఒక్క ముక్క చెబితే నన్ను అక్కడే చీల్చేసేది.”

చిన్నది ముఖం ఎత్తి, స్పష్టంగా, తొందర లేకుండా చెప్పింది.

“అద్దంలోంచి ఆయన అన్నది చూశాను. పాప నీ దగ్గరే ఉంటుందన్నాడు. ఆ మాట చూశాకే నాకు ధైర్యం వచ్చింది. నేను పోతే దానికి నువ్వే దిక్కు. దాన్ని పెంచే మనిషి ముఖాన నలుగురి చేత ఉమ్మేయించి పోతానా?”

పోగు తెగింది. గంటక్క మగ్గం ఆపి, తెగిన కొస కోసం వంగింది. దొరకలేదు. వేళ్లు ఎక్కడో, పోగు ఎక్కడో. ఆ మోతలో ఆమె పైకే, గొంతు విప్పి, చిన్నపిల్లలా ఏడ్చింది. పక్క మగ్గం మనిషికి కూడా వినపడలేదు. చిన్నది తన మగ్గం ఆపి, ఇటు వచ్చి, వంగి కొస వెతికి ముడి వేసింది.